సైనిక స్థావరం బయట దొరికే సాయానికి రక్షణ శాఖ సొమ్ము: కెనడా అనుభవం

కెనడాలో ప్రభుత్వ ఆరోగ్య బీమా అందరిదీ అనే పేరుంది గానీ, 1984 నాటి ఆరోగ్య చట్టం దృష్టిలో సైన్యంలో పనిచేసేవారు ఆ బీమా పరిధిలోకి రారు. ప్రావిన్సు ప్రభుత్వాలు నడిపే వైద్య వ్యవస్థ వారిది కాదు. వారి చికిత్స, మానసిక వైద్యం, ఉద్యోగంలో కొనసాగే ఆరోగ్యం ఉందో లేదో తేల్చే పరీక్షలు అన్నీ కేంద్ర ప్రభుత్వం కింది సైనిక వైద్య విభాగమే చూసుకుంటుంది. మామూలు రోజుల్లో ఇది సైనికుడికి లాభమే. ఫ్యామిలీ డాక్టరు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసేవారున్న దేశంలో అతనికి డాక్టరు సిద్ధంగా ఉంటారు. కానీ తోటి ఉద్యోగి చేతిలోనో, పై అధికారి చేతిలోనో లైంగిక దాడికి గురైన మనిషికి ఇదే ఏర్పాటు ఎదురు తిరుగుతుంది. చికిత్స చేసేదీ, జీతమిచ్చేదీ, నిందితుడికి పదోన్నతి ఇచ్చేదీ ఒకే సంస్థ అయినప్పుడు నోరు విప్పడానికి ముందే సవాలక్ష లెక్కలు వేసుకోవాల్సి వస్తుంది. అలాంటివారు స్థావరం గేటు దాటి, ఊళ్లో స్వచ్ఛంద సంస్థ నడిపే సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తారు. ఆ కేంద్రం ప్రావిన్సు ఇచ్చే సొమ్ముతో, దాతల చందాలతో స్థానిక జనం కోసం నడుస్తున్నది. సైన్యంలో పుట్టిన కష్టం దాని గుమ్మం ఎక్కినప్పుడు అయ్యే ఖర్చు ఎవరు భరించాలన్నది కెనడా దశాబ్ద కాలంగా తేల్చుకోవడానికి ప్రయత్నిస్తున్న ప్రశ్న.

ఈ ప్రశ్న ఎంత ఆచరణాత్మకమైనదో ఒంటారియోలోని పెటవావా వంటి ఊరిని చూస్తే తెలుస్తుంది. రాజధాని అట్టావాకు వాయవ్యంగా సుమారు 170 కిలోమీటర్ల దూరాన, నది ఒడ్డున ఉన్న ఈ పట్టణ జనాభా 2021 లెక్కల ప్రకారం 18 వేల పైచిలుకు. ఊరి బతుకంతా సైనిక స్థావరం చుట్టూనే తిరుగుతుంది. క్వార్టర్లలో పక్కింటివారు అదే యూనిట్‌కు చెందినవారు కావచ్చు. పిల్లల బడిలో, హాకీ మైదానంలో, చర్చిలో ఎదురయ్యే ముఖాలు కూడా అవే. నగరంలో ఉన్న బాధితురాలు మరో కేంద్రానికి వెళ్లగలదు, మరో డాక్టరును వెతుక్కోగలదు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. కౌన్సెలింగ్ కేంద్రం ముందు కారు ఆపితే ఎవరు చూస్తారోనన్న బెరుకు కూడా చిన్నదేమీ కాదు. కేంద్రంలో పనిచేసే కొద్దిమంది సిబ్బందే ఫోన్లు ఎత్తాలి, ఆసుపత్రిలో ఫోరెన్సిక్ పరీక్షకు తోడు వెళ్లాలి, పోలీసు స్టేషన్లో పక్కన కూర్చోవాలి, కోర్టు వాయిదాలకు హాజరు కావాలి.

సైనిక బాధితులు వచ్చినప్పుడు ఈ పనికి మరో పొర తోడవుతుంది. ఉద్యోగం వదిలినవారు మాజీ సైనికుల వ్యవహారాల శాఖ నుంచి వైకల్య పరిహారం కోరాలంటే వైద్యుడి రోగ నిర్ధారణ కావాలి, ఆ జబ్బుకూ సైనిక సేవకూ ఉన్న సంబంధాన్ని స్వయంగా రాసి చూపాలి. ఒక దాడి గురించి, అది తన సర్వీసులో ఎప్పుడు, ఏ కోర్సులో, ఏ పోస్టింగులో జరిగిందో దరఖాస్తు ఫారం గడుల్లో నింపడమంటే ఒక్క కూర్చోవడంలో అయ్యే పని కాదు. ఒక పేరా రాసి పెన్ను కింద పెట్టి వెళ్లిపోయినవారు మళ్లీ వారాల తర్వాత రావచ్చు. ఆ ఫారంలోని సైనిక భాష, ర్యాంకుల వరుస, సెలవుల నిబంధనలు ఏవీ తెలియని కౌన్సెలర్‌కు అదంతా కొత్త చదువు. ఆ చదువుకు గంటలు కావాలి. ఆ గంటలకు జీతం కావాలి.

కేంద్ర ప్రభుత్వం ఈ బాధ్యతను తనంతట తాను నెత్తికెత్తుకోలేదు. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి మరీ డెషాంప్ 2015లో ఇచ్చిన నివేదిక, సాయుధ దళాల్లో మహిళల పట్ల, లైంగిక అల్పసంఖ్యాకుల పట్ల శత్రుభావంతో కూడిన లైంగికీకృత సంస్కృతి పాతుకుపోయిందని తేల్చి, బాధితులకు సాయం అందించే కేంద్రం ఒకటి సైన్యం వెలుపల ఉండాలని సిఫార్సు చేసింది. అదే ఏడాది సెప్టెంబరులో సైనిక కమాండ్‌కు కాకుండా రక్షణ శాఖ డిప్యూటీ మంత్రికి, అంటే మన లెక్కలో శాఖ కార్యదర్శికి, జవాబుదారీగా ఒక కేంద్రం మొదలైంది. ఇప్పుడు దాని పేరు లైంగిక దుష్ప్రవర్తన మద్దతు, వనరుల కేంద్రం. సైన్యం వైపు నుంచి అప్పటి ప్రధాన సేనాధిపతి జనరల్ జోనథన్ వాన్స్ ‘ఆపరేషన్ ఆనర్’ పేరిట పెద్ద కార్యక్రమం ప్రకటించారు. పదవి నుంచి దిగిన తర్వాత ఆయన ప్రవర్తన మీదనే ఆరోపణలు రావడం, 2022 మార్చిలో న్యాయ ప్రక్రియకు ఆటంకం కలిగించినట్టు కోర్టులో నేరాన్ని అంగీకరించడం చూసిన బాధితులకు కంచే చేను మేసినట్టు అనిపించి ఉంటే ఆశ్చర్యం లేదు. ఆపరేషన్ ఆనర్‌ను అప్పటికే, 2021లోనే, మూసేశారు.

అంకెలు ఏం చెబుతున్నాయన్నది నిధుల చర్చకు ముఖ్యం. కెనడా గణాంక సంస్థ 2016 సర్వేలో, పూర్తికాల సైన్యంలోని మహిళల్లో 27.3 శాతం మంది తమ ఉద్యోగ జీవితంలో ఒక్కసారైనా లైంగిక దాడికి గురైనట్టు చెప్పారు. 2018లో, అంతకుముందు 12 నెలల కాలానికి, పూర్తికాల సైనికుల్లో 1.6 శాతం మంది బాధితులుగా నమోదైతే, 2022 సర్వేలో అది 3.5 శాతానికి, అంటే దాదాపు 1,960 మందికి చేరింది. చెప్పడానికి ముందుకు వచ్చేవారు పెరగడం ఇందులో ఎంత, నేరాలు పెరగడం ఎంత అన్నది విడదీయడం కష్టం. కానీ సహాయ కేంద్రానికి ఆ తేడాతో పని లేదు. రెండు కారణాల్లో ఏదైనా ఫోన్ మోగడం ఖాయం.

ఈ సర్వేలోనే అంతగా చర్చకు రాని మరో సంగతి ఉంది. 2022లో దాడికి గురైనట్టు చెప్పిన మహిళలు 7.5 శాతం, పురుషులు 2.8 శాతం. మహిళలకు ముప్పు రెండున్నర రెట్లకు పైగా ఉందన్నది స్పష్టమే. అయితే సైన్యంలో మహిళలు సుమారు ఆరో వంతు మాత్రమే కాబట్టి, తలలు లెక్కపెడితే బాధితుల్లో పురుషులే ఎక్కువ. ఊళ్లోని కేంద్రాలు చాలావరకు మహిళా ఉద్యమం నుంచి పుట్టినవి. వాటి సిబ్బంది, గదులు, సహాయక బృందాలు మహిళలను దృష్టిలో పెట్టుకుని అమర్చినవి. కొన్నింటిలో పురుషులకు సేవలే ఉండవు. సైన్యం కోసం కేటాయించే నిధి ఈ లోటును లెక్కలోకి తీసుకోకపోతే, సంఖ్యలో పెద్దదైన వర్గం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

డబ్బు విషయానికొస్తే, పెద్ద అంకె కోర్టు నుంచి వచ్చింది. సైన్యంలోని, రక్షణ శాఖలోని బాధితులు వేసిన సామూహిక దావాలో 90 కోట్ల డాలర్ల పరిష్కారానికి ఫెడరల్ కోర్టు 2019 నవంబరులో ఆమోదం తెలిపింది (ఈ వ్యాసంలో డాలర్లన్నీ కెనడావే). అందులో 80 కోట్లు సైనికులకు, 10 కోట్లు పౌర ఉద్యోగులకు ఉద్దేశించినవి. గడువు ముగిసేసరికి దాదాపు 20 వేల మంది క్లెయిమ్‌లు వేశారు. ఎక్కువ మందికి దక్కే మొత్తం 5 వేల నుంచి 55 వేల డాలర్ల మధ్య ఉండగా, తీవ్రమైన హాని జరిగి ఇతర పరిహారం అందనివారికి 1,55,000 వరకు అవకాశం ఉంది. పరిహారం జరిగిన హానికి ఒకసారి ఇచ్చేది. అందుకుని రసీదు మీద సంతకం చేశాక రాత్రి నిద్ర పట్టకపోతే ఎవరిని పిలవాలన్నదానికి అందులో జవాబు ఉండదు. అంతేకాదు, క్లెయిమ్ ఫారం నింపడమే పాత గాయాన్ని కెలికి, కొత్తగా కౌన్సెలింగ్ అవసరాన్ని పుట్టిస్తుంది. అంత పెద్ద సంఖ్యలో క్లెయిమ్‌లు వస్తే ఊళ్లోని కేంద్రాల మీద పడే బరువును ముందే ఊహించి ఉండాల్సింది.

ఆ ఊహ 2021 బడ్జెట్‌లో కొంత కనిపించింది. సైన్యంలో లైంగిక దుష్ప్రవర్తన నిర్మూలనకు, బాధితుల సాయానికి రక్షణ శాఖకూ మాజీ సైనికుల శాఖకూ కలిపి ఐదేళ్లలో 23.62 కోట్ల డాలర్లు, ఆపై ఏటా 3.35 కోట్లు ప్రకటించారు. ప్రకటన వినడానికి ఘనంగా ఉన్నా, అందులో సింహభాగం ఆయా శాఖలకు అప్పటికే ఉన్న వనరుల నుంచి సర్దుబాటు చేసేదే. మరుసటి ఏడు బడ్జెట్‌లో ఆరేళ్లకు మరో 10.05 కోట్లు వచ్చాయి. అందులో నాయకత్వ శిక్షణ, సైనిక న్యాయ సంస్కరణ, వివాద పరిష్కార సేవలు వంటివి కలగలిసి ఉన్నాయి. సంస్కృతి మార్పు అనే పద్దు కింద కన్సల్టెంట్లకు, శిక్షణ మాడ్యూళ్లకు, కొత్త డైరెక్టరేట్లకు వెళ్లేదీ బాధితుల సాయమే అని లెక్క రాసుకోవచ్చు. స్థావరం బయట ఫోన్ ఎత్తే మనిషి జీతం దాకా ఎంత చేరుతుందన్నదే అసలు కొలత.

ఆ చివరి మెట్టు కోసం రెండు మార్గాలు వాడారు. మొదటిది, పెద్ద స్థావరాలకు దగ్గరలోని లైంగిక హింస బాధితుల కేంద్రాలకు షరతులతో ఇచ్చే ఆర్థిక సాయం. రెండోది, 2021 బడ్జెట్ తర్వాత వచ్చిన గ్రాంటు పథకం. లాభాపేక్ష లేని సంస్థలు దరఖాస్తు చేసుకుని, సైనిక సముదాయానికి సరిపోయే సహాయ కార్యక్రమాలు నడపడానికి నిధి పొందవచ్చు. ఈ రెండింటి తేడా కాగితం మీద చిన్నదిగా కనిపించినా చిన్న సంస్థకు జీవన్మరణ సమస్య. కెనడా ప్రభుత్వ ఆర్థిక నిబంధనల్లో గ్రాంటు అంటే అర్హత తేలాక ఇచ్చేసే సొమ్ము. ఖర్చు మీద మామూలుగా ఆడిట్ ఉండదు, ఫలితాల నివేదిక అడగవచ్చు. షరతులతో ఇచ్చే సాయంలో ప్రతి ఖర్చుకూ లెక్క చూపాలి, ఒప్పందంలో రాసిన లక్ష్యాలు చేరాలి, ఆడిట్‌కు సిద్ధంగా ఉండాలి. మన దగ్గర స్వచ్ఛంద సంస్థలు యుటిలైజేషన్ సర్టిఫికెట్ కోసం పడే పాట్లు ఎరిగినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. ముగ్గురు నలుగురు సిబ్బంది ఉన్న కేంద్రంలో ఆ నివేదికలు రాసేది కూడా కౌన్సెలింగ్ చేసే మనిషే.

కాలం లెక్క మరింత ఇబ్బందికరమైనది. కెనడా ఆర్థిక సంవత్సరం కూడా మనలాగే మార్చి 31తో ముగుస్తుంది. దరఖాస్తుల పరిశీలన నెలలు పట్టి, సొమ్ము శరత్కాలంలో చేరితే, ఖర్చు చేయడానికి మిగిలేది కొద్ది నెలలే. ఆలోపు వాడకపోతే నిధులు మురిగిపోతాయి. ఆ కొద్ది నెలల కోసం అనుభవమున్న కౌన్సెలర్ ఎవరూ పెటవావా లాంటి ఊరికి ఇల్లు మార్చుకుని రారు. దాంతో సంస్థలు కరపత్రాలు, వర్క్‌షాపులు, వెబ్‌సైటు వంటి త్వరగా ముగిసే పనులు చూపించి నిధి తీసుకుంటాయి. అవసరం మాత్రం ఒకే మనిషి రెండు మూడేళ్లు వదలకుండా పక్కన ఉండటం. లైంగిక హింస నుంచి కోలుకోవడానికి పట్టే కాలానికి ప్రాజెక్టు కాలవ్యవధితో సంబంధం లేదు.

ఇది సైన్యానికి మాత్రమే ఎదురైన సంగతి కాదు. పెటవావా ఉన్న రెన్‌ఫ్రూ కౌంటీలోనే 2015లో ముగ్గురు మహిళల హత్య జరిగింది. ఆ మరణాలపై 2022 జూన్‌లో జరిగిన కరోనర్ విచారణలో జ్యూరీ 86 సిఫార్సులు చేసింది. గృహహింస బాధితులకు సేవలందించే సంస్థలకు నిలకడగా, ఏటా తిరిగి వచ్చే నిధులు ఇవ్వాలని, అనవసరమైన నివేదికల భారం తగ్గించాలని వాటిలో ఉంది. సామాన్య పౌరులతో కూడిన జ్యూరీ, ఆర్థిక శాఖ అధికారులు తేల్చాల్సిన విషయాన్ని తేల్చి చెప్పిందన్నమాట. గ్రామీణ ప్రాంతంలో దూరాలు ఎక్కువ, బస్సులు తక్కువ, ఖర్చు మనిషికి ఎక్కువ. తలసరి లెక్కన పంచే నిధి అక్కడ ఎప్పుడూ చాలదు.

ఇక సున్నితమైన చిక్కు స్వతంత్రతది. ఊళ్లోని కేంద్రానికి ఉన్న విలువంతా అది సైన్యానిది కాకపోవడంలో ఉంది. చాలాకాలం సైన్యంలో, లైంగిక దుష్ప్రవర్తన తెలిస్తే పై అధికారులకు చెప్పి తీరాలనే నిబంధన ఉండేది. ఉద్దేశం మంచిదే అయినా, స్నేహితురాలితో ఒక్క మాట పంచుకున్నా అది ఫిర్యాదుగా మారి, బాధితురాలి చేతిలో ఏమీ మిగిలేది కాదు. ఈ నిబంధన వల్ల కొందరు నోరు విప్పడానికే వెనకాడుతున్నారని ఆడిటర్ జనరల్ 2018లోనే ఎత్తిచూపారు; 2024లో గానీ దాన్ని తొలగించలేదు. అన్నేళ్లూ ఆ నిబంధన అంటని చోటు ఊళ్లోని కేంద్రమే. ఇప్పుడు ఆ కేంద్రానికి రక్షణ శాఖ డబ్బు వస్తే, తలుపు మీద కృతజ్ఞతాపూర్వకంగా ఆ శాఖ పేరు కనిపిస్తే, లోపలికి రాబోయే మనిషి ఏమనుకుంటుంది? నిధి ఇచ్చినవారు ఎందరికి సాయం అందిందని అడగడం సహజం. కానీ ఒకే స్థావరం ఉన్న చిన్న ఊళ్లో, ఈ మూడు నెలల్లో నలుగురు సైనికులు, వారిలో ఒకరు అధికారి హోదా మహిళ అని రాస్తే అది ఎవరో ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. సంఖ్యలు తక్కువగా ఉన్నచోట గణాంకమే గుర్తింపు అవుతుంది. అందువల్ల నివేదికలో ర్యాంకు, యూనిట్, లింగ వివరాలు అడగకపోవడం, చిన్న అంకెలను కలిపి ప్రాంతీయ స్థాయిలోనే చూపడం వంటి జాగ్రత్తలు ఒప్పందంలోనే ఉండాలి. సిబ్బంది విచక్షణకు వదిలేసే విషయం కాదిది.

అలాగని రక్షణ శాఖ డబ్బు ముట్టకూడదనడం సబబు కాదు. హాని సంస్థలో జరిగింది కాబట్టి ఖర్చు సంస్థ బడ్జెట్‌లో కనిపించడమే న్యాయం. లేకపోతే ఆ భారం ప్రావిన్సుల మీద, స్థానిక చందాదారుల మీద పడి, సైన్యానికి తన వైఫల్యం ఖరీదు తెలియకుండా పోతుంది. సొమ్ము రక్షణ శాఖ పద్దు నుంచి బయటికి వెళ్లి, పంపిణీ మాత్రం మహిళా, లింగ సమానత్వ శాఖ ద్వారానో ప్రావిన్సుల ద్వారానో జరిగితే ఈ రెండు ప్రయోజనాలూ నెరవేరతాయి. ఇలాంటి బదిలీలు శాఖల మధ్య పెత్తనాల గొడవగా మారతాయన్నది నిజమే. అయినా బాధితురాలికి దాని వల్ల నష్టం లేదు.

అమెరికా వేరే దారి పట్టింది. అక్కడ 1992లో చేసిన చట్టం సైన్యంలో లైంగిక హింసకు గురైన మహిళా మాజీ సైనికులకు కౌన్సెలింగ్ అందించే అధికారాన్ని మాజీ సైనికుల శాఖకు ఇచ్చింది. రెండేళ్లకు దాన్ని పురుషులకూ విస్తరించారు. అప్పట్లో ఫిర్యాదు చేసి ఉండాలని గానీ, వైకల్య పరిహారం మంజూరై ఉండాలని గానీ షరతు లేకుండా ఆ చికిత్స ఉచితంగా దొరుకుతుంది. స్థావరాలకు, పెద్దాసుపత్రులకు దూరంగా ఊళ్లలో మాజీ సైనికులకు కౌన్సెలింగ్ అందించే ‘వెట్ సెంటర్లు’ ఉన్నాయి. శాఖ తన దగ్గరికి వచ్చే ప్రతి మాజీ సైనికుడినీ సైన్యంలో లైంగిక దాడి గానీ వేధింపులు గానీ ఎదురయ్యాయా అని అడుగుతుంది. మహిళల్లో ముగ్గురిలో ఒకరు, పురుషుల్లో యాభై మందిలో ఒకరు అవునంటున్నారు. అమెరికా పద్ధతిలో లోపాలు లేవని కాదు. వైకల్య క్లెయిమ్‌ల తిరస్కరణల మీద అక్కడా పెద్ద దుమారాలే రేగాయి. కానీ చికిత్స చట్టంలో రాసిన హక్కు కావడం వల్ల, ఏ ఏడాది గ్రాంటు వచ్చిందో రాలేదో అన్న బెంగ బాధితుడికి లేదు. కెనడాలో స్వచ్ఛంద సంస్థ ద్వారా దొరికే సాయానికి అలాంటి చట్టబద్ధమైన పునాది లేదు.

ఈ తేడా రాబోయే రోజుల్లో ఇంకా బరువెక్కేలా ఉంది. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి లూయీజ్ ఆర్బర్ 2022 మేలో 48 సిఫార్సులతో ఇచ్చిన నివేదికలో, లైంగిక నేరాల విచారణను సైన్యం నుంచి పూర్తిగా తప్పించి పౌర పోలీసులకు, కోర్టులకు అప్పగించాలన్నారు. ఆ మార్పు కోసం 2024లో పెట్టిన బిల్లు 2025 జనవరిలో పార్లమెంటు సమావేశాలను ముగించడంతో (ప్రొరోగ్) వీగిపోయింది. అదే ఏడాది సెప్టెంబరులో సీ-11 పేరుతో కొత్త బిల్లు వచ్చింది. కేసు పౌర కోర్టుకు వెళ్తే, సైనిక న్యాయ వ్యవస్థలో బాధితులకు కేటాయించే సమన్వయ అధికారి స్థానంలో కోర్టు మెట్ల మీద పక్కన నిలబడేది ఊళ్లోని కేంద్రం సిబ్బందే. ఫిర్యాదుదారు మరో ప్రావిన్సుకు బదిలీ అయి, వాయిదా మాత్రం పాత ఊళ్లో పడితే, రెండు చోట్ల రెండు సంస్థలు ఒకే మనిషికి సాయం చేయాలి. ప్రావిన్సు ఇచ్చే నిధి సరిహద్దు దాటదు. న్యాయ ప్రక్రియను మార్చే బిల్లులో ఈ ఖర్చు ఊసు ఉండదు. దానికి విడిగా బడ్జెట్ పద్దు కావాలి.

మరోవైపు సైన్యం కొత్తవారి కోసం వెతుకుతోంది. పౌరసత్వం లేని శాశ్వత నివాసులకూ 2022 నవంబరులో తలుపులు తెరిచింది. టొరంటో, కాల్గరీ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకూ ఆ అవకాశం వర్తిస్తుంది. వలస వచ్చినవారికి ఫిర్యాదు చేస్తే తమ వలస హోదాకు ఏమవుతుందోనన్న భయం, ఇంట్లో ఇంగ్లిషో ఫ్రెంచో రాని తల్లిదండ్రులకు చెప్పలేని ఇబ్బంది అదనం. 2025 జూన్‌లో ప్రభుత్వం ఆ ఒక్క ఆర్థిక సంవత్సరానికే రక్షణ రంగానికి 900 కోట్ల డాలర్లకు పైగా అదనంగా ప్రకటించింది. ఆ పెంపులో కొత్త నియామకాలకు, జీతాలకు, ఆయుధాలకు వాటాలున్నాయి. నియామకాల లక్ష్యం పెరిగిన నిష్పత్తిలోనే స్థావరాల చుట్టూ ఉన్న సహాయ కేంద్రాలకు కనీసం ఐదేళ్ల నిధిని, సిబ్బంది జీతాలకు వాడుకునే వీలుతో, ఒప్పందంగా రాసి ఇవ్వడానికి అయ్యే మొత్తం ఆ అంకెలో కనిపించనంత చిన్నది.